కూరకి తగ్గ వరస

డాక్టర్ శశిభూషణ్‌ని చంపాలని నేనెప్పుడూ అనుకోలేదు. చంపితే ఏముంది, ఒక్కసారితో పోతుంది. ఆయన నలుగురి ముందు నోరు తెరిచి ఒక మాట అడగాలి. అడిగినందుకు హాలంతా నవ్వాలి. ఆ నవ్వు బతికినంతకాలం ఆయన చెవుల్లో ఉండిపోవాలి. నాకు కావలసింది అంతే.

ఎందుకంటే నా తమ్ముడు ఎల్లాజీ సముద్రంలో పోయాక జరిగిన విచారణలో ఆయన అలాగే నవ్వించాడు. మైకు దగ్గరికి లాక్కుని, చాలా మర్యాదగా, "చూడండి, ఆ అబ్బాయి ఆపదలో ఉన్నానని ఒక్క మాట అనలేదు. ఈరోజు కూరేమిటని అడిగాడు. కూర గురించి అడిగినవాడికి మా తీర్పరి కూరకి తగ్గ వరసే ఇచ్చింది" అన్నాడు.

ముందు కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. వెనకవాళ్ళు అందుకున్నారు. నా పక్కన కూర్చున్న మా అమ్మ మసేనమ్మకి ఆయన తెలుగు సగమే అర్థమైంది గానీ నవ్వు మాత్రం పూర్తిగా అర్థమైంది. "ఎందుకే నవ్వుతున్నారు, నూకరత్నం?" అని నా చెవిలో అడిగింది. నేను చెప్పలేదు. ఆ జవాబు ఆయన చేతే చెప్పించాలని అప్పుడే అనుకున్నాను.

మాది గవ్వలపాలెం, విశాఖకి ఉత్తరాన ఇసకలో గుప్పెడు ఇళ్ళు. మా దగ్గర వేటకెళ్ళిన మనిషి నీళ్ళ మీద ఉండగా మునగడం, చావు, తుఫాను లాంటి మాటలు నోట రానివ్వడు. గంగమ్మ వింటుందని భయం. ఇంట్లో ఏం వండారని కూడా అడగడు, అడిగితే వలలో చేప పడదని. అందుకే పాతవాళ్ళు ఈ రెండు పట్టింపుల్నీ కలిపి ఒక పద్ధతి పెట్టారు. పడవకి ఆపద వస్తే ఒడ్డుని అడిగే మాట ఒకటే: "ఇయ్యాల కూరేటి?"

ఒడ్డున విన్నవాళ్ళు కూర పేరు చెప్పరు. "వస్తన్నాం" అంటారు. ఎవరు అడిగారు, నిజంగానే అడిగారా అని చూసుకోకుండా ఉన్న పడవలన్నీ నీళ్ళలోకి తోస్తారు. అడిగినవాడు ఒడ్డున కనపడేదాకా వెనక్కి తిరగరు. ఆ మనిషి దొరికాక, మాట అందిన ఇంట్లో కూర్చుని ఆ కూరతో అన్నం తినాలి. తింటేనే గండం గడిచినట్టు. ఒకప్పుడు పడవ నుంచి పడవకి కేకేసుకునేవాళ్ళు, తరవాత ఫోన్లొచ్చాయి. మాట మాత్రం మారలేదు.

ఇక తీర్పరి సంగతి. అంతకు ముందు సెల్‌ఫోన్లకి ఒక దారి, ఇళ్ళలో వైఫైకి ఒక దారి, పోలీసు వైర్‌లెస్‌కి, పడవల సెట్లకి, శాటిలైట్ ఫోన్లకి వేటి దారి వాటికి ఉండేది. ఒకటి ఖాళీగా పడి ఉంటే పక్కది కిక్కిరిసి ఊపిరాడక చచ్చేది. శశిభూషణ్ వాటన్నిటినీ కలిపి ఒకే వీధికుళాయి కిందికి తెచ్చాడు. ఆ కుళాయి దగ్గర నిలబడి ఎవరి బిందె ముందు, ఎవరిది వెనక అని చెప్పే యంత్రం పేరే తీర్పరి. మొదటి మాటలు వినగానే ఎంత అవసరమో తూచి వరస ఇస్తుంది. అవసరం తక్కువనుకున్న మాటని పారెయ్యదు. దాచిపెట్టి, ఖాళీ దొరికినప్పుడు అవతలివాళ్ళ ఫోను మోగించి, అప్పుడే మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. "ఎవరి మాటా పోదు, కాస్త ఆగుతుందంతే" అని ఆయన వెళ్ళిన చోటల్లా చెప్పుకుని మురిసిపోయేవాడు. మా తీరంలో దాన్ని ముందుగా పెట్టి చూశారు.

ఎల్లాజీ పడవ చిక్కుకున్న సాయంత్రం గాలి పెద్దదైంది. విశాఖలో జనం బీచి రోడ్డు మీద వరసగా నిలబడి కెరటాల్ని వీడియోలు తీసి చుట్టాలకి, స్నేహితులకి పంపుకున్నారు. తీర్పరి వాటిని తుఫాను కబురనుకుని దారంతా వాటికే ఇచ్చింది. కెరటాల బొమ్మలు ముందు వెళ్ళాయి. కెరటాల్లో ఉన్నవాడు వెనక వరసలో నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్న హాయిగా ఎండ కాసింది. మా మరదలు, ఎల్లాజీ భార్య గౌరి వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. ఆ వేసవిలోనే పెళ్ళయి వచ్చిన పిల్ల, చోడవరం పక్కన మెట్ట ఊరు, సముద్రం కొత్త. కూర మాట ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. కొత్త కోడలికి అశుభం మాటలు అప్పుడే ఎందుకని మా అమ్మే ఆపింది. ఫోను మోగింది.

"గౌరీ, ఇయ్యాల కూరేటే?"

గౌరి నవ్వింది. "సింతకాయ రొయ్యలు. బేగి వొచ్చీ, సల్లారిపోద్ది" అంది. అటునుంచి పలుకు లేదు. "అత్తా, మీ కొడుకు కూరేటని అడిగి ఊరుకున్నాడేటే" అంటూ నవ్వుతూనే లోపలికి వచ్చింది. మా అమ్మ ఆ పిల్ల చేతిలో ఫోను లాక్కుని, "వస్తన్నాం అయ్యా, వస్తన్నాం" అని అరుచుకుంటూ ఒడ్డుకి పరిగెత్తింది.

పడవలు వెళ్ళాయి. మా కులపెద్ద దానయ్య మావ బోర్లా పడ్డ పడవని తాడు కట్టి తెచ్చాడు. ఎల్లాజీని ఆ మర్నాడు తెచ్చాడు.

నేను అప్పుడు హైదరాబాదులో ఒక ఫోన్ల కంపెనీలో ఇంజనీర్ని. విచారణ అయ్యాక పేపర్లు నాలుగు రోజులు శశిభూషణ్‌ని కడిగేశాయి. ఆయన తెలివైనవాడు. చనిపోయినవాడి అక్క ఇదే చదువు చదివిందని తెలిసి, ఉద్యోగమిస్తానని మనిషిని పంపాడు. చేరిన రోజు నా భుజం పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. "రత్నంగారూ, మీలాంటివాళ్ళు లోపలుంటే తీర్పరికి సముద్రం భాష కూడా వస్తుంది" అన్నాడు. నేను నమస్కారం పెట్టాను. ఫొటోలో వినయంగానే పడ్డాను.

నా పని యంత్రానికి మాటల బరువు నేర్పడం. లాబ్‌లో ఒక బల్ల మీద ఫోను, పక్కన వైఫై డబ్బా, పడవ సెట్టు, పోలీసు సెట్టు వరసగా పెట్టి, ఒకేసారి నాలుగు గొంతులు వినిపించేవాళ్ళం. ఎవరికి ముందు దారి దొరికిందో దీపాలు వెలిగి చెప్పేవి. ఒకరోజు ఒక ఆడమనిషి గొంతు, చాలా నెమ్మదిగా, "అన్నయ్యా, ఒకసారి వస్తావా" అంది. పక్క ఫోన్లో ఒక కుర్రాడు సినిమా టిక్కెట్లు దొరకలేదని గొంతు చించుకుంటున్నాడు. దీపం కుర్రాడికి వెలిగింది.

"ఇది తప్పు సార్. ఆవిడది ముందు వెళ్ళాలి" అన్నాను.

శశిభూషణ్ టీ తాగుతూ నవ్వాడు. "ఆపదలో ఉన్నవాడు అరుస్తాడండీ. అరవనివాడికి ఆపదేమిటి?"

అంత చదువు చదివినా, గొంతు పెంచకుండా పెరిగిన మనిషిని ఆయన జన్మలో చూడలేదని నాకప్పుడు తెలిసింది. ఆయన చెడ్డవాడు కాదని లాబ్‌లో అందరూ అనేవాళ్ళు. ఎవరి పుట్టినరోజైనా గుర్తుంచుకుని కేకు తెప్పిస్తాడు. నేనూ తిన్నాను ఆ కేకు. తింటూ ఆయన మెడ వైపు చూసేదాన్ని.

గవ్వలపాలెం మాటని యంత్రంలో పెట్టమని ఆయనే అన్నాడు, పేపరువాళ్ళ కోసం. నేను శ్రద్ధగా పెట్టాను. పడవ సెట్టు నుంచి కూర మాట వినపడితే చాలు, అన్నిటికంటే ముందు దారి. దాంతోపాటు మా ఊరి ఒడ్డున వలల పాకలో పెట్టిన ఒక పెట్టె మోగుతుంది, ఆ పెట్టె దగ్గర ఉన్నవాళ్ళు లైనులోకి వస్తారు. పెట్టె దగ్గర కూర్చునే పని నాకిమ్మని గౌరి అడిగింది. పుట్టింటికి వెళ్ళిపొమ్మని అందరూ చెప్పినా వెళ్ళలేదు. పొద్దు పోవడానికేమో అనుకున్నాను. నేను సెలవులకి వెళ్ళినప్పుడు కూడా ఆ పిల్ల పాకలోంచి లేచి వచ్చేది కాదు. అన్నం అక్కడికే తెప్పించుకునేది. చింతకాయ రొయ్యలు మాత్రం మా ఇంట్లో మళ్ళీ ఎవరూ వండలేదు.

"ఎందుకే ఊరికే ఆ పెట్టె ముందర కూకుంటావు? ఎవలూ ఏటకెళ్ళని దినం కూడా కూకోవాలా?" అని నేనొకసారి కసిరాను.

"మోగితే ఎవలో ఒకలు ఉండాల కదొదినా" అంది. అంతకుమించి చెప్పలేదు. నేనూ అడగలేదు. నా ధ్యాస అంతా నా పగ మీదే ఉంది.

తీర్పరిని రాష్ట్రమంతా పెట్టాలా వద్దా అని తేల్చడానికి విశాఖలో పెద్ద ప్రదర్శన నిర్ణయించారు. మంత్రిగారొస్తారు, టీవీలవాళ్ళొస్తారు. ఆ కబురు తెలిసిన రోజే నేను చెయ్యవలసింది కూడా నాకు తెలిసిపోయింది. కూర మాట నియమంలో "పడవ సెట్టు నుంచి" అని ఒక షరతు ఉంది. దాన్ని తీసేస్తే చాలు. అప్పుడు ఏ ఫోన్లోంచి ఎవరు కూరేమిటని అడిగినా తీర్పరి దాన్ని ప్రాణాపాయమనుకుంటుంది. ఏం కూర, కూరేంటి, కూరేం చేశావు, కూరేటి, అన్ని యాసలూ నేనే ఓపిగ్గా నేర్పాను. ప్రదర్శన పదకొండు గంటలకన్నారు. మంత్రులు పదకొండంటే ఒంటిగంటకొస్తారు. ఒంటిగంటకి ఈ దేశంలో ఆఫీసుల్లో ఉన్నవాళ్ళందరూ ఇంటికి ఫోన్ చేసి ఏమడుగుతారో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు.

ఇంకెవరికీ నష్టం జరక్కూడదని జాగ్రత్త కూడా పడ్డాను. ఆస్పత్రుల దారి, అంబులెన్సుల దారి విడిగా కట్టి ఉంచాను. నా పగ ఒక్కడితోనే. ప్రదర్శన రోజు పొద్దున్న అల్పపీడనమని, ఎవరూ వేటకి వెళ్ళొద్దని హెచ్చరిక వచ్చింది. నాకు సంతోషమైంది. మా పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, నిజంగా అడిగేవాళ్ళెవరూ నీళ్ళ మీద ఉండరు. ఒడ్డున పెట్టె మోగుతుంది, మోగనీ. రెండు మూడు పట్నం గొంతులు వినగానే ఇది మిషను తప్పని గౌరికి తెలిసిపోతుందనుకున్నాను. నేను ఇంజనీర్లా ఆలోచించాను.

హాలు నిండిపోయింది. వేదిక మీద గోడంత తెర. అరకులో ఒక అమ్మాయి టవరు మీద, నగరంలో ఒక ముసలాయన ఇంటి వైఫై మీద, రేవులో కట్టేసిన ఓడ మీంచి ఒకాయన శాటిలైట్ మీద, ముగ్గురూ కలిసి ఒకే పాట పాడతారు. ఒక్క అక్షరం వెనకపడదు. అదీ ఏర్పాటు. పక్కనున్న చిన్న తెర మీద తీర్పరి ఎవరికి ఏ వరస ఇస్తోందో చుక్కలు కనపడుతుంటాయి, ప్రాణాపాయమైతే ఎర్రచుక్క. మంత్రిగారు ఒంటిగంటకి ఐదు నిమిషాలుందనగా వచ్చారు. దండలు, దీపం, శాలువా. శశిభూషణ్ కొత్త సూటులో చేతులు జోడించి, "ఎవరి మాటా పోదు, కాస్త ఆగుతుందంతే" అని మొదలుపెట్టాడు.

పాట పల్లవి దాటింది. ఒక ఎర్రచుక్క పడింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే చిన్న తెర అమ్మవారు పోసినట్టయింది. అరకు అమ్మాయి నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయింది. ముసలాయన బొమ్మ ముక్కలైంది. ఓడ కనపడ్డం మానేసింది.

మంత్రిగారు ముందుకి వంగారు. "ఏమైందండీ? అంత ఆపద ఎక్కడొచ్చింది?"

శశిభూషణ్ నుదురు తుడుచుకుని, ఒక ఎర్రచుక్కని వినిపించమని తెర దగ్గరి కుర్రాడికి సైగ చేశాడు. హాలు మొత్తానికి వినపడింది.

"ఏమోయ్, కూరేం చేశావు?"

"దొండకాయ."

"మళ్ళీనా?"

ఎవరో నవ్వారు. రెండో చుక్క వినిపించారు. అందులోనూ కూరే. మూడోదీ అంతే. నవ్వు కుర్చీల మధ్య పాకుతూ వెనక్కి వెళ్ళింది. శశిభూషణ్ జేబులోంచి ఫోను తీసి, తీర్పరిని ఆపించడానికి కొండ మీదున్న కంట్రోల్ రూముకి చేశాడు. ప్రదర్శన కోసం ఆ ఫోనుని హాలు స్పీకర్లకి కలిపి ఉంచారు. అందుకని ఆయన తయారుచేసిన తీయని గొంతు అందరికీ వినిపించింది: "మీ మాట వరసలో ఉంది. దయచేసి కాస్త ఆగండి."

మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే. మంత్రిగారి పక్కనున్న అధికారులు గుసగుసలాడుకుంటున్నారు. నేను మెల్లిగా వేదిక ఎక్కి ఆయన పక్కన నిలబడ్డాను.

"సార్, ఒక మాట అడిగితే మీకు దారి వస్తుంది. ఆ మాటేమిటో మీకు తెలుసు."

ఆయన నా వైపు తిరిగాడు. ఆ క్షణంలో ఆయనకి మొత్తం అర్థమైంది. కళ్ళలో ముందు కోపం వచ్చింది, తరవాత భయం వచ్చింది. నేను వాటిని వచ్చిన వరసలో చూశాను. నాకు చాలా హాయిగా ఉంది.

ఆయన ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, "ఈరోజు కూరేమిటి అనేనా?" అన్నాడు, లోగొంతుకతో.

అలా అన్నా తీర్పరి ఒప్పుకునేదే. నేను ఒప్పుకోలేదు. "అలా కాదు సార్. మా తమ్ముడు అడిగినట్టు అడగండి."

"ఇయ్యాల కూరేటి?" అన్నాడు డాక్టర్ శశిభూషణ్ ఫోన్లోకి, మంత్రిగారి ముందు, మైకుల ముందు.

హాలు పగిలిపోయేలా నవ్వింది. మంత్రిగారు కూడా శాలువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. విచారణ రోజు నుంచి నేను ఎదురుచూసిన నవ్వు అది. కడుపునిండా విన్నాను.

ఆ నవ్వు మీదుగా స్పీకర్లలోంచి ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది.

"వస్తన్నాం బాబూ. బయపడకు. పడవ ఏ దిక్కునుందో సెప్పు."

గౌరి. వెనకాల గాలి హోరు, మగవాళ్ళ కేకలు, ఇంజను అందుకుంటున్న చప్పుడు. హాల్లో నవ్వు ఆగిపోయింది.

"బాబూ, ఇనబడతందా? దానయ్య మావ బయల్దేరిపోనాడు. ఏటైనా గట్టిగా పట్టుకోని ఉండు. ఒగ్గీకు."

శశిభూషణ్ ఫోను కట్ చేసేశాడు. ఆ వెంటనే, తెరుచుకున్న దారిలో కంట్రోల్ రూము దొరికింది. "ఆపెయ్యండి. మొత్తం ఆపెయ్యండి" అన్నాడు. తీర్పరి ఆగింది. దాంతో ఆ తీరమంతా దాని కింద ఉన్న ప్రతి ఫోను, ప్రతి సెట్టు మూగబోయాయి.

గౌరికి మిషను తప్పని తెలియలేదు. తెలిసినా ఆగేది కాదు. మా ఊళ్ళో ఎవరూ ఆగరు. ఆ పద్ధతి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నాకు తెలుసు. ఆయన్ని నవ్వులపాలు చెయ్యాలనే తొందరలో దాన్నే మరిచిపోయి, మా వాళ్ళందర్నీ అల్పపీడనంలోకి తోశాను.

శశిభూషణ్ చెయ్యి పట్టుకున్నాను. "మీరు రావాలి."

"ఎక్కడికి? మంత్రిగారు..."

"అడిగినవాడు ఒడ్డున కనపడేదాకా పడవ వెనక్కి తిరగదు. మీరు అడిగారు."

ఆయన నా వెంట వచ్చి కారెక్కాడు.

ఒడ్డున కెరటాలు పాకల దాకా వచ్చి పోతున్నాయి. పడవలు చాలావరకు వెనక్కి వచ్చేశాయి. ఫోన్లో వాళ్ళు నవ్వి, రాంగ్ నంబరు తల్లీ, ఒడ్డునే ఉన్నాం అన్న కొద్దీ గౌరి, సెట్టు మూగబోయేలోపే, ఆ పడవలని పిలిచి తిప్పేసింది. ఒక కుర్రాడికి మోకాలు చిట్లింది, ఇద్దరు ఉప్పునీళ్ళు కక్కుతూ ఇసకలో కూర్చున్నారు. దానయ్య మావ పడవ ఒక్కటే రాలేదు.

గౌరి మూగ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని నీళ్ళలోకి చూస్తోంది. నన్ను చూడగానే, "ఒదినా, ఒకలు దిక్కు సెప్పకుండా ఆగిపోనారు. నీళ్ళల్లో పడిపోనాడేమో. మావ ఆ మడిసి కోసమే తిరుగుతున్నాడు. పిలుద్దారంటే సెట్టు పలకట్లేదు" అంది.

మా అమ్మ అక్కడే ఉంది. "అడిగినోడెవలు?" అంది అందరి వైపూ చూసి.

"నేనేనమ్మా" అన్నాడు శశిభూషణ్.

ఆవిడ ఆయన్ని గుర్తుపట్టింది. నేను తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొట్టాలనే కోరుకున్నాను. ఆవిడ ఆయన చొక్కా పట్టుకుని ఎల్లాజీ పడవ దగ్గరికి లాక్కెళ్ళింది. అది ఆ రోజు తెచ్చి బోర్లించినది బోర్లించినట్టే ఇసకలో ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. "ఎక్కు. మావకి అవుపడాల" అంది.

ఆయన ఎక్కాడు. సూటు కోటు విప్పి గాలిలో ఊపాడు. బూట్లు జారి రెండుసార్లు పడ్డాడు, రెండుసార్లూ లేచాడు. గొంతు పోయేదాకా, "ఇక్కడున్నాను, నేనిక్కడున్నాను" అని అరిచాడు. అరిస్తే వినపడే దూరం కాదు. ఆపదలో ఉన్నవాడు అరుస్తాడని నాతో చెప్పిన మనిషి ఆయనే. నాకు జాలి కలగలేదు. దానయ్య మావ రాకపోతే ఈయన్ని ఆ పడవ మీంచి దిగనివ్వకూడదనుకున్నాను. నేను ఎక్కడ నిలబడాలో మాత్రం ఆలోచించుకోలేదు.

చాలాసేపటికి రెండు కెరటాల మధ్య నల్లగా ఒక ముక్కు కనపడింది. మునిగింది, లేచింది. తరవాత నెమ్మదిగా ఒడ్డు వైపు తిరిగింది. మా అమ్మ ఇసకలో కూలబడి రెండు చేతులూ సముద్రానికి జోడించింది.

దానయ్య మావ ఎడమచెయ్యి వేలాడుతోంది. పడవ దిగినవాడు తన చెయ్యి సంగతి ఎత్తకుండా, తడిసి వణుకుతున్న శశిభూషణ్ దగ్గరికి వచ్చి ఒళ్ళంతా తడిమి చూశాడు. "ఈ బాబేనా అడిగింది? నీళ్ళేటైనా మింగినాడా? ఎవలు దొరకబట్టినారు?" అన్నాడు.

పద్ధతి ప్రకారం ఆయన మా ఇంట్లో అన్నం తినాలి. మా అమ్మ పీట వేసింది. పొద్దున్నుంచీ పెట్టె దగ్గరే ఉన్న గౌరి ఇంట్లో పొయ్యి ముట్టించలేదు. అప్పటికప్పుడు వండింది. వాసన బట్టి ఏం వండుతోందో నాకు తెలిసిపోయింది. వేడి వేడి చింతకాయ రొయ్యలు తెచ్చి ఆయన పళ్ళెంలో వేసి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుంది.

ఆయన మొదటి ముద్ద కలిపాడు. మా అమ్మ ఎదురుగా కూర్చుని, గొంతు పెంచకుండా అడిగింది. "ఆ దినం ఎందుకు నవ్వినారు?"

దీని కోసమే కదా ఆయన కేకు తిన్నాను, ఆయనతో ఫొటో దిగాను. ఆయన చెయ్యి అన్నంలోనే ఉండిపోయింది.

పొయ్యి దగ్గర్నుంచి గౌరి అంది. "తెలక నవ్వీసినాను అత్తా."

నాకు ముందు అర్థం కాలేదు. ఆ పిల్ల గోడవైపే చూస్తూ మాట్లాడుతోంది. "ఊరికే అడుగుతున్నాడనుకోని నవ్వీసినాను. సల్లారిపోద్ది, బేగి వొచ్చీమన్నాను. మీరు అడుగుతారు, అడుగుతారని ఇన్నాళ్ళూ సూత్తున్నాను. ఇయ్యాల అంతమంది అడిగినారు కదా, ఒక్కలికీ నవ్వలేదత్తా. అందరికీ వస్తన్నామనే సెప్పినాను."

ఆ ప్రశ్న ఆ పిల్లని అడిగింది కాదు. అదే ఇంట్లో, నా కళ్ళ ముందు, ఆ పిల్ల పెట్టె ముందు ఎందుకు కూర్చుంటోందో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. నాకు నవ్వంటే ఆ హాల్లో నవ్వే.

శశిభూషణ్ తలెత్తాడు. "ఆ అమ్మాయి తెలియక నవ్విందమ్మా. నేను తెలిసే నవ్వించాను. విచారణకి ముందురోజు ఈ దానయ్యగారు నా దగ్గరికొచ్చి మీ పద్ధతేమిటో వివరంగా చెప్పారు. నలుగురూ నవ్వితే విచారణ తొందరగా ముగిసిపోతుందని ఆ మాట అన్నాను."

గుమ్మంలో చెయ్యి కట్టించుకుంటున్న దానయ్య మావ అవునన్నట్టు తలాడించాడు. నిన్నటిదాకా ఆ మాట నా చేతికి దొరికి ఉంటే, దాన్ని పేపర్ల నిండా వేయించి ఆయన్ని వీధిన నిలబెట్టేదాన్ని.

మా అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి గౌరి తల తన కడుపుకి ఆనించుకుంది. ఆయన వైపు తిరక్కుండానే, "తిను బాబూ, సల్లారిపోద్ది" అంది.

ఆయన తిన్నాడు. మంచినీళ్ళు తాగి తాగి తిన్నాడు. పళ్ళెం ఖాళీ అవుతుండగా ఇక చాలని చెయ్యి అడ్డం పెట్టాడు. నేను లేచి, ఆ చెయ్యి పక్కకి తీసి, ఇంకో గరిటె కూర వేశాను.